పగడాల తొట్టిలో కాల్షియం, ఆల్కలినిటీ: అపోహలు - వాస్తవాలు

చెన్నైలోని ఇళ్లలోనూ, కార్యాలయాల్లోనూ వెయ్యి లీటర్లకు పైబడిన పగడాల తొట్లను, అంటే సజీవ పగడాలను పెంచే ఉప్పునీటి అక్వేరియంలను, చూసుకోవడం నా వృత్తి. కొళత్తూరు చేపల దుకాణాల నుంచి వాట్సాప్ గ్రూపుల దాకా ఈ విషయంలో వినిపించే సలహాల్లో చాలావరకు ఒకే చోట దారి తప్పుతాయి: అవి కాల్షియాన్ని ముందు నిలబెట్టి ఆల్కలినిటీని వెనక్కి నెడతాయి.

అపోహ: పగడాలకు కాల్షియమే బలం, కనుక అది ఎంత ఎక్కువ ఉంటే అవి అంత వేగంగా పెరుగుతాయి.

రాతి పగడం తన అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేటుతో కట్టుకుంటుంది. అందుకు కాల్షియం ఎంత అవసరమో బైకార్బొనేటు కూడా అంతే అవసరం, ఆ రెండవది నీటిలో ఎంత మిగిలి ఉందో మనకు తెలిపే కొలతే ఆల్కలినిటీ. లవణీయత 35 (కిలో నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు) ఉన్న సహజ సముద్రజలంలో కాల్షియం సుమారు 410 నుంచి 420 పీపీఎం (పది లక్షల్లో వంతులు), ఆల్కలినిటీ సుమారు 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) ఉంటాయి. ఈ అంకెల వెనుక ఉన్న అసలు సంగతి ఏమిటంటే, పగడాల వాడకంతో పోల్చినప్పుడు కాల్షియం నిల్వ కొండంత, ఆల్కలినిటీ నిల్వ గోరంత. పగడాలు 20 పీపీఎం కాల్షియాన్ని తీసుకునేసరికి దానితోపాటు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ ఖర్చవుతుంది. అంటే కాల్షియం 420 నుంచి 400కు దిగినప్పుడు టెస్ట్ కిట్‌లో ఒకటి రెండు చుక్కల తేడా మాత్రమే కనిపిస్తుంది, అది మన చేతి పొరపాటులో కలిసిపోయేంత చిన్నది. కానీ అదే సమయంలో ఆల్కలినిటీ 8 నుంచి 5.2కు పడిపోయి పగడాల ఎదుగుదల కుంటుపడుతుంది. కాల్షియం ఒక్కటే కొలిచి అంతా సవ్యంగా ఉందని నిశ్చింతగా ఉన్న తొట్టి యజమానులు నాకు తరచుగా తారసపడుతుంటారు. అద్దం మీద గులాబీ రంగు సున్నపు నాచును గీకే పని ఈమధ్య తగ్గిందని వారు సంతోషంగా చెబితే నేను ముందుగా తీసేది ఆల్కలినిటీ కిట్టే, ఎందుకంటే ఆ నాచు కూడా ఇదే సరుకుతో పెరుగుతుంది.

కాల్షియం 380 నుంచి 450 మధ్య ఎక్కడ ఉన్నా పగడాలకు లోటు ఉండదు. దాన్ని 500 దాటించి, ఆల్కలినిటీని కూడా ఎగదోస్తే ఆ రెండూ పగడాలకు చేరకముందే ఒకదానితో ఒకటి కలిసి హీటరు మీదా, పంపు ఇంపెల్లరు మీదా తెల్లటి పెచ్చుగా పేరుకుంటాయి. అలా పట్టిన పంపును వెనిగరులో నానబెట్టి శుభ్రం చేయవలసి వచ్చినప్పుడు తప్పు పంపుది కాదని గ్రహించాలి.

అపోహ: పీహెచ్ తక్కువగా ఉంటే బఫర్ పొడి (పీహెచ్‌ను పడిపోకుండా నిలుపుతుందని అమ్మేది) కలపాలి.

నా అనుభవంలో పగడాలకు ఎక్కువ హాని చేసిన సలహా ఇదే. చెన్నై ఎండలకు తలుపులు, కిటికీలు మూసి పగలంతా ఏసీ నడిచే గదిలో నలుగురు మనుషులుంటే గాలిలో కార్బన్ డయాక్సైడు పెరుగుతుంది, అది నీటిలో కరిగి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. ఆ సమయంలో ఆల్కలినిటీ కొలిస్తే 8 లేదా 9 డీకేహెచ్ ఉండి ఏ లోపమూ కనిపించకపోవచ్చు. అయినా బఫర్ పేరుతో వంటసోడా లాంటి పొడిని రోజూ కలుపుతూ పోతే పీహెచ్ నిలకడగా పెరగదు సరికదా, ఆల్కలినిటీ 12, 13 దాటి పగడాల కొసలు కాలినట్టు తెల్లబడతాయి. నిజం తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది: ఒక గ్లాసుడు తొట్టి నీటిని బాల్కనీలోకి తీసుకువెళ్లి గాలి పంపుతో గంటసేపు బుడగలు పెట్టి మళ్లీ పీహెచ్ చూడాలి. అది గణనీయంగా పెరిగితే దోషం గది గాలిదే, అప్పుడు స్కిమ్మరు (బుడగలతో నీటిలోని మురికిని తీసే పరికరం) గాలి గొట్టాన్ని కిటికీ బయటికి తీయడం ఏ పొడి కన్నా మంచి మందు.

అపోహ: తొట్టి అడుగున పగడపు ఇసుక, గవ్వలు వేస్తే కాల్షియం దానంతట అదే అందుతుంది.

పీహెచ్ 8 దాటిన తొట్టి నీరు కాల్షియం కార్బొనేటుతో అప్పటికే అతిసంతృప్తమై ఉంటుంది, అందువల్ల ఆ నీటిలో ఇసుక గానీ గవ్వ గానీ చెప్పుకోదగ్గంతగా కరగదు. పగడపు ముక్కలను కరిగించి తొట్టికి అందించే పరికరమైన కాల్షియం రియాక్టరు పనిచేసేది కార్బన్ డయాక్సైడును పంపి తన లోపలి నీటి పీహెచ్‌ను సుమారు 6.5కు దించడం వల్లనే. ఇక రామేశ్వరం నుంచో, తూత్తుకుడి నుంచో పగడపు ముక్కలు తెప్పిస్తామనే మాటకు నా సమాధానం ఒక్కటే: మన దేశంలో రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి, మన్నార్ గల్ఫ్‌లోని 21 దీవుల చుట్టూ ఉన్న సముద్రం 1986 నుంచి జాతీయ పార్కు. పత్రాలు లేని పగడాలున్న తొట్టిని నేను చూసుకోను.

అపోహ: పెద్ద తొట్టికి వారానికి పది శాతం నీరు మార్చితే చాలు.

రాతి అస్థిపంజరం కట్టని మెత్తటి పగడాలు మాత్రమే ఉన్న తొట్టికి ఇది సరిపోతుంది. రాతి పగడాలు బాగా పెరిగిన తొట్టిలో రోజుకు 1 డీకేహెచ్ ఖర్చు కావడం వింతేమీ కాదు. 7కు దిగిన నీటిలో పది శాతం తీసి 8 డీకేహెచ్ నీరు పోస్తే పెరిగేది 0.1 మాత్రమే. వెయ్యి లీటర్లలో 1 డీకేహెచ్ పూడ్చాలంటే సుమారు 30 గ్రాముల వంటసోడా, దానికి జోడుగా సుమారు 26 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కావాలి. ఈ రెండింటినీ వేర్వేరు ద్రావణాలుగా చేసి, వేర్వేరు వేళల్లో, నీరు బాగా కదిలే చోట వేయాలి. ఒకేసారి ఒకేచోట పోస్తే కళ్లముందే నీరు పాలలా తెల్లబడుతుంది. కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కనుక మన చెన్నై తేమలో డబ్బా మూత వదులుగా ఉంటే కొన్నాళ్లకే పొడి గడ్డకట్టి, ఆపైన నీరుకారుతుంది. అప్పుడు త్రాసు మీద 26 గ్రాములు తూచినా అందులో కొంత నీరే ఉంటుంది. డబ్బా మీద డైహైడ్రేట్ అని ఉందో, అన్‌హైడ్రస్ అని ఉందో కూడా చూసుకోవాలి. మొదటిదానిలో కాల్షియం సుమారు 27 శాతం, రెండవదానిలో 36 శాతం ఉంటుంది.

అపోహ: సున్నపు తేట ఒక్కటి ఉంటే ఇంకేమీ అక్కరలేదు.

సున్నపు తేట కాల్షియం, ఆల్కలినిటీ రెండింటినీ సరైన నిష్పత్తిలో ఇస్తుంది, పీహెచ్‌ను కూడా పైకి నిలుపుతుంది, అందుకే అది నాకు ఇష్టమైన పద్ధతి. కానీ లీటరు నీటిలో ఒకటిన్నర గ్రాముకు మించి సున్నం దాదాపు కరగదు, కనుక వెయ్యి లీటర్ల తొట్టిలో 1 డీకేహెచ్ పూడ్చడానికి దాదాపు 9 లీటర్ల తేట కావాలి. తొట్టి నుంచి రోజూ ఆవిరయ్యేంత నీటినే తిరిగి పోయగలం, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో గాలి తేమెక్కి ఆ ఆవిరి తగ్గిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో లోటును సోడా, క్లోరైడ్ ద్రావణాలతో భర్తీ చేయక తప్పదు. తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది కాబట్టి చుక్కలు చుక్కలుగానే పడాలి. తమలపాకు సున్నం, వెల్లవేసే సున్నం ఇందుకు పనికిరావు. వాటిలో ఏమేం కలిసి ఉంటాయో చెప్పలేం.

అపోహ: ఎంత కలిపినా కాల్షియం, ఆల్కలినిటీ నిలవడం లేదంటే మోతాదు పెంచాలి.

ముందు మెగ్నీషియం కొలవాలి. అది 1250 నుంచి 1350 పీపీఎం మధ్య ఉంటే కాల్షియం కార్బొనేటు స్ఫటికాలు ఎదగకుండా అడ్డుపడుతుంది. అది బాగా తగ్గిన తొట్టిలో మనం వేసిన మోతాదు పగడాలకు చేరకుండా గోడలకూ, పంపులకూ పోతుంది. మెగ్నీషియంకన్నా ముందు, లవణీయతను కొలిచే రిఫ్రాక్టోమీటరును లవణీయత 35 ఉన్న ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవాలి, ఎందుకంటే లవణీయత 31కు జారిన నీటిలో ఈ మూడు అంకెలూ కలిసే తక్కువగా కనిపిస్తాయి, అక్కడ కావలసింది ఉప్పు. కారణం దొరికాక కూడా ఆల్కలినిటీని రోజుకు 1 డీకేహెచ్‌కు మించి పెంచకూడదు. కాల్షియం విషయంలో అంత భయం లేదు.