ఆర్డర్లు రాకపోతే తప్పు యాడ్స్‌దేనా? ఆన్‌లైన్ స్టోర్ అపోహలు - వాస్తవాలు

ఆమధ్య ఒక రాత్రి పదిన్నరకి ఫోన్ వచ్చింది. చంటిపిల్లల బట్టలు కుట్టించి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముకునే ఒకావిడ. "అన్నా, యాడ్స్‌కి ఇంకొంచెం డబ్బు పెట్టమంటారా, సైట్ మూసేయమంటారా? ఏదో ఒకటి చెప్పండి" అంది. గొంతు వణుకుతోంది. దాచుకున్నదంతా యాడ్స్‌కే పోయిందట. ఇంట్లో ఎవరైనా "ఎలా నడుస్తోంది?" అని అడిగితే మాట మార్చేస్తోందట.

నేను 12 ఏళ్లుగా ఆన్‌లైన్ స్టోర్లు కడుతున్నాను. కట్టడం కంటే, ఎవరో కట్టినవి బాగుచేయడంలోనే ఎక్కువ కాలం గడిచింది. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అడిగే మనుషులు మారతారు, అమ్మే వస్తువులు మారతాయి, ప్రశ్న మాత్రం అదే. అందుకే ఈ ఒక్క అపోహ గురించి కాస్త గట్టిగానే రాస్తున్నాను, మిగతావి చివర్లో క్లుప్తంగా.

అపోహ: ఆర్డర్లు రావట్లేదంటే జనం రావట్లేదని అర్థం. యాడ్స్ పెంచాలి.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే స్టోర్లలో చాలావాటికి జనం వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లు కొనకుండా వెళ్లిపోతుంటారు.

ఆవిడ సైట్ అనలిటిక్స్, అంటే ఎంతమంది వచ్చారో, ఏం చూశారో చూపించే లెక్కలు, తెరిచి చూశాను. రోజూ తగినంత మంది వస్తున్నారు. బట్టల పేజీలు చూస్తున్నారు, కార్ట్‌లో కూడా వేస్తున్నారు. చెకౌట్‌కి, అంటే అడ్రసిచ్చి డబ్బు కట్టే దగ్గరికి, వచ్చేసరికి ఆగిపోతున్నారు. కుండకి చిల్లి ఎక్కడుందో చూసుకోకుండా ఆవిడ మూడు నెలలుగా నీళ్లు తెచ్చి పోస్తూనే ఉంది.

లెక్క చిన్నదే. 100 మంది వస్తే 2 ఆర్డర్లు వస్తున్నాయనుకుందాం. యాడ్స్ ఖర్చు రెట్టింపు చేస్తే 200 మంది వస్తారు, 4 ఆర్డర్లు వస్తాయి. కానీ ఒక్కో ఆర్డరుకి అయిన యాడ్ ఖర్చు తగ్గలేదు. ఆ ఖర్చు మీ మార్జిన్‌ని, అంటే ఒక్కో అమ్మకం మీద మీకు మిగిలేదాన్ని, దాటిపోతుంటే, ఆర్డర్లు పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. అదే 100 మందిలో 4 మంది కొనేలా సైట్ సరిచేస్తే, ఒక్కో ఆర్డరు మీద యాడ్ ఖర్చు సగానికి పడిపోతుంది. ఇంత సులువైన లెక్కని పక్కన పెట్టి, "బడ్జెట్ పెంచండి, ఆల్గారిథమే చూసుకుంటుంది" అని వీడియోల్లో చెప్పేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పోయేది వాళ్ల డబ్బు కాదు.

బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అని, చెకౌట్ల మీదే ఏళ్లుగా పరిశోధన చేస్తున్న సంస్థ ఒకటుంది. పదుల కొద్దీ అధ్యయనాల సగటు తీసి వాళ్లు చెప్పేదేమిటంటే, కార్ట్‌లో వస్తువు వేసినవాళ్లలో దాదాపు 70 శాతం మంది కొనకుండా వెళ్లిపోతారు. ఈ అంకె చూసి టెన్షన్ పడకండి. అందులో చాలామంది ఊరికే ధరలు చూసుకోవడానికి వచ్చినవాళ్లు, వాళ్లని ఎవరూ ఆపలేరు. మనం చూసుకోవలసింది, కొందామని వచ్చి మనసు మార్చుకున్నవాళ్లని. వాళ్లు చెప్పే కారణాల్లో అన్నిటికన్నా పైన ఉండేది, డెలివరీ, పన్ను లాంటి అదనపు ఖర్చులు. అకౌంట్ తెరిస్తే తప్ప కొననివ్వకపోవడం, డెలివరీ ఆలస్యం, కార్డు వివరాలివ్వడానికి నమ్మకం చాలకపోవడం, చాంతాడంత ఫారం కూడా ఎప్పుడూ ఆ జాబితాలో ఉంటాయి. యాడ్స్ పెంచితే వీటిలో ఏ ఒక్కటీ తీరదు.

ఆవిడని ఒకటే అడిగాను, "మీ సైట్ ఇంతవరకూ వాడనివాళ్లు ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని. "మా వదిన ఉంది" అంది. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఆ వదినగారి ఫోన్‌లోనే సైట్ తెరిచి ఇచ్చి, "ఆరు నెలల బాబుకి ఒక జత కొనండి" అని మాత్రం చెప్పాం. మేమిద్దరం నోరు మెదపకూడదని ముందే అనుకున్నాం.

ఒక జత ఎంచుకుంది. "మెత్తగా ఉంటుందో లేదో" అనుకుంటూ ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేయబోయింది. అవలేదు. సైజు దగ్గర ఎస్, ఎం, ఎల్ అని ఉంది. ఆరు నెలల బాబుకి ఏది పడుతుందో ఎక్కడా రాసిలేదు. కాసేపు ఆలోచించి ఎం నొక్కింది. చెకౌట్‌కి వెళ్తే అకౌంట్ తెరవమంది. పాస్‌వర్డ్ కొట్టింది. పెద్దక్షరం ఒకటి ఉండాలని ఎర్రగా చూపించింది. మళ్లీ కొట్టింది. ఈసారి అంకె ఉండాలంది. "ఇదేంటమ్మా, కొనుక్కోవడానికి కూడా పాస్‌వర్డా?" అంటూనే మూడోసారి కొట్టింది. ఈలోగా కీబోర్డు పైకొచ్చి కంటిన్యూ బటన్‌ని కప్పేసింది. ఎలాగో దాన్నీ దాటి అడ్రసంతా నింపింది. అప్పుడు కనిపించింది డెలివరీ చార్జి, ఇంచుమించు బట్టల ధరలో మూడో వంతు. ఫోన్ పక్కన పెట్టేసి, "తర్వాత చూస్తాలే అమ్మా" అంది.

సొంత ఆడపడుచు సైట్ అని తెలిసి కూడా.

ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నాళ్లూ డబ్బు పోసి జనాన్ని పిలిచి, నేను చూపించింది ఇదా?" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖం నాకు ఇంకా గుర్తుంది. తప్పు ఆవిడది కాదు. సైట్ కట్టినవాళ్లు ఒక్కసారి కూడా మామూలు ఫోన్‌లో కొని చూడలేదు.

యాడ్స్ ఆపించేశాను. డెలివరీ చార్జి బట్టల పేజీలోనే ధర కింద కనిపించేలా పెట్టాం. అకౌంట్ లేకుండా కొనే వీలిచ్చాం. సైజుల్ని నెలల్లోకి మార్చి, ఛాతీ, పొడవు సెంటీమీటర్లలో రాశాం. కుట్టు, లోపలి అంచు కనిపించేలా దగ్గర్నుంచి ఫొటోలు తీసి పెట్టాం. ఇదంతా అయ్యాకే పాత బడ్జెట్‌తో యాడ్స్ మళ్లీ మొదలుపెట్టాం. ఆ తర్వాత ఆవిడ ఫోన్ చేసినప్పుడు సైట్ మూసేసే మాటే లేదు. ప్యాకింగ్‌కి ఒక మనిషిని పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగింది.

ఈ అకౌంట్ గొడవ ఇవాళ్టిది కాదు. సైట్లు వాడటానికి ఎంత సులువుగా ఉన్నాయో పరిశీలించే జేరెడ్ స్పూల్ అనే యూజబిలిటీ నిపుణుడు 2009లోనే దీని గురించి రాశారు. ఒక పెద్ద రిటైల్ సైట్‌లో రిజిస్టర్ బటన్ తీసేసి కంటిన్యూ అని పెట్టి, కొనడానికి అకౌంట్ అక్కర్లేదని పక్కన చిన్న వివరణ చేర్చారట. మొదటి ఏడాదిలోనే ఆ సైట్ అమ్మకాలు 30 కోట్ల డాలర్లు పెరిగాయని ఆయన రాశారు. ఒక్క క్లిక్‌తో కొనే పద్ధతికి అమెజాన్ 1999లో పేటెంటే తీసుకుంది, అది 2017 దాకా ఉంది. కొనే దారిలో ఒక్క మెట్టు తగ్గించడానికి అంత పెద్ద సంస్థ అంత పట్టుపట్టింది.

యాడ్స్ వద్దని నేను అనను. రోజుకి పదిమంది కూడా రాని సైట్‌లో చిల్లి ఎక్కడుందో తెలుసుకోవడానికైనా కొద్దిగా యాడ్స్ కావాలి. అయితే ఆ ఖర్చు పెట్టేది తెలుసుకోవడానికి. అమ్మకాలకని బడ్జెట్ పెంచడం, చెకౌట్ సరైందని తేలాక చేసే పని.

అపోహ: డిజైన్ అదిరిపోతే చాలు.

బూ డాట్ కామ్ అనే ఫ్యాషన్ స్టోర్ 1999 నవంబరులో మొదలైంది. తిప్పి చూపించే బొమ్మలు, సలహాలిచ్చే గైడు, అప్పటికి అద్భుతమైన హంగులన్నీ ఉన్నాయి. జనం చేతిలో ఉన్నవేమో ఫోన్ లైన్ మీద నెమ్మదిగా నడిచే డయల్-అప్ కనెక్షన్లు. పేజీ తెరుచుకునేదాకా ఎదురుచూడలేక వెళ్లిపోయారు. ఖర్చులు అదుపు తప్పడంతో సహా వేరే కారణాలూ ఉన్నాయి గానీ, సుమారు 13.5 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి 2000 మే నెలలో మూతపడింది. ఇప్పుడు నెట్ వేగం పెరిగింది, అదే పొరపాటు హోమ్ పేజీ స్లైడర్లు, వీడియోల రూపంలో మళ్లీ కనిపిస్తోంది. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలని గూగుల్ కొలతలు పెట్టింది. కెమెరాలోంచి తీసిన ఫొటోని తగ్గించకుండా అలాగే ఎక్కించిన సైట్లు అందులో మొదటి కొలతని అందుకోవడం కష్టం. ఫొటోల సైజు తగ్గించడం ఒక్క పూట పని, దయచేసి చేయించండి.

అపోహ: కీవర్డ్స్ (జనం వెతికే మాటలు) నింపితే గూగుల్‌లో పైకి వస్తాం.

పేజీ కోడ్‌లో చూసేవాళ్లకి కనిపించకుండా కీవర్డ్స్ రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ని వెబ్ ర్యాంకింగ్‌లో అసలు లెక్కలోకి తీసుకోవట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని కూడా గూగులే చెబుతోంది. అలా ఇస్తామన్నవాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకండి.

అపోహ: అన్నీ 5 స్టార్ రివ్యూలే ఉండాలి.

నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలోని స్పీగెల్ రీసెర్చ్ సెంటర్ పరిశీలనలో, సగటు రేటింగ్ 4 దాటాక ఒక స్థాయి వరకే కొనే అవకాశం పెరిగింది, 5కి దగ్గరపడేసరికి తగ్గింది. మచ్చలేని రేటింగ్‌ని జనం అనుమానిస్తారు. తక్కువ రేటింగ్ వస్తే చెరిపించాలని చూడకుండా, దాని కింద మర్యాదగా జవాబు రాయండి.

అపోహ: వస్తువులో ఉన్న పరిమితులు మనమే రాసుకుంటే అమ్ముడుపోదు.

బ్యాగులు అమ్మే ఒక క్లయింటుకి రిటర్నులు ఎక్కువగా ఉండేవి. వెనక్కి వచ్చిన పార్సిళ్లలోని చీటీలన్నీ కూర్చుని చదివాం. సగానికి పైగా ఒకటే మాట, లాప్‌టాప్ పట్టలేదని. "15 అంగుళాల లాప్‌టాప్ ఇందులో పట్టదు" అని పేజీలో పైనే రాయమన్నాను. "ఉన్న ఆర్డర్లు కూడా పోతాయి సార్" అని బాగా భయపడ్డాడు. ఆయన భయం నాకు అర్థమైంది. ఒక్క వారం ఉంచి చూద్దామని బతిమాలి రాయించాను. ఆ వారంలోనే ఒకరు మెసేజ్ పెట్టారు, "మరి 14 అంగుళాలది పడుతుందా?" అని. మా క్లయింటు వెంటనే బ్యాగులో ఒక లాప్‌టాప్ పెట్టి, పక్కన కొలత టేపు పరిచి, ఫొటో తీసి పంపాడు. ఆర్డరు వచ్చింది. ఇప్పుడు ఆ పేజీలో అన్నిటికన్నా ముందు కనిపించేది ఆ టేపు ఉన్న ఫొటోనే.