వేగం కాజేసే దుప్పటి

ఒక పాఠకుడు అడిగారు: "నా దగ్గర రెండు సైకిళ్ళున్నాయి. ఒకటి సన్న టైర్ల రోడ్ బైక్, ఇంకోటి లావు టైర్ల మౌంటెన్ బైక్. చలికాలంలో రోడ్ బైక్ మీద గంట తిరిగితే వేళ్ళు కొయ్యబారిపోతాయి. అదే చలిలో, అవే గ్లవ్స్‌తో మౌంటెన్ బైక్ మీద చెట్ల మధ్య దారిలో తిరిగితే చెమటలు పడతాయి. కష్టం రెండింటి మీదా ఒకేలా పడుతున్నాను. మరి ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తోంది?"

చలికాలం సైకిల్ అనగానే అందరూ టైర్ల గురించే మాట్లాడతారు. నేనూ మాట్లాడతాను గానీ తర్వాత. ప్రశ్నలో కీలకమంతా ఆఖర్న ఉంది: కష్టం ఒకటే, చలి మాత్రం వేరు.

సైకిల్ తొక్కే మనిషి నడిచే పొయ్యి. పెడళ్ళ మీద 200 వాట్ల పని జరగాలంటే శరీరం లోపల దాదాపు 900 వాట్లు ఖర్చవుతాయి. కండరాల పనితనం అంతంతమాత్రమే. తిన్నదాంట్లో నాలుగో వంతు కూడా చక్రానికి చేరదు. మిగిలిన 700 వాట్లూ వేడిగా మారతాయి. అంటే ఒక చిన్న రూమ్ హీటరును కడుపులో పెట్టుకుని తిరుగుతున్నట్టే. ఈ హీటరుకి కింద ఉన్నది ఏ సైకిలో తెలీదు, రెండింటి మీదా ఒకేలా మండుతుంది.

తేడా అంతా ఆ 200 వాట్లు ఎక్కడికి పోతున్నాయన్న దాంట్లో ఉంది. రోడ్డు మీద అవి ఎక్కువగా ఎదురుగా ఉన్న గాలిని పక్కకి నెట్టడానికే పోతాయి. చదునైన రోడ్డు, గాలి లేని రోజు అయితే గంటకు 32, 33 కిలోమీటర్ల వేగం వస్తుంది. అడవి దారిలో అవే 200 వాట్లు మనిషినీ సైకిల్నీ ఎత్తుకు మోయడానికీ, టైరు నలుగుడుకీ, బురదని పిసకడానికీ పోతాయి. ఓ మాదిరి ఎత్తు ఎక్కుతుంటే వేగం 10 కిలోమీటర్లు దాటదు. పొయ్యి అదే, మంట అదే. ఒకదాని ముందు ఫ్యాను మూడు రెట్లు వేగంగా తిరుగుతోంది, అంతే.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన సంగతి చెప్పాలి. గాలి మనల్ని చల్లబరుస్తుందని అనుకుంటాం గానీ, కదలని గాలి చాలా మంచి దుప్పటి. స్వెటర్ చేసే పనంతా ఉన్ని చేసేది కాదు, ఉన్ని పోగుల మధ్య ఇరుక్కున్న గాలి చేసేది. ఒంటి మీద బట్ట లేకపోయినా, చర్మాన్ని అంటిపెట్టుకుని ఒక పల్చటి గాలి పొర ఎప్పుడూ ఉంటుంది. భౌతికశాస్త్రంలో దాన్ని బౌండరీ లేయర్ అంటారు. చర్మానికి ఆనుకున్న గాలి జిగటగా అక్కడే నిలిచిపోతుంది, దూరం జరిగే కొద్దీ వేగం పెరుగుతుంది. మన ఒంటి వేడి బయటికి పోవాలంటే ముందు ఈ పొరను దాటాలి. తెలుగులో ఆ కదలనిదాన్నీ గాలే అంటాం, దాన్ని ఎత్తుకుపోయేదాన్నీ గాలే అంటాం. దుప్పటికీ దొంగకీ ఒకే పేరు పెట్టుకున్నాం.

ఈ దుప్పటి ఎంత మందం? వేలిని ఒకటిన్నర సెంటీమీటర్ల గుండ్రటి కడ్డీ అనుకుని లెక్క వేశాను. గాలి కదలనప్పుడు వేలి చుట్టూ దాదాపు 4, 5 మిల్లీమీటర్ల నిశ్చలమైన గాలి ఉన్నంత రక్షణ ఉంటుంది. గంటకు 11 కిలోమీటర్ల వేగంలో అది అర మిల్లీమీటరుకు పడిపోతుంది. 32 కిలోమీటర్ల దగ్గర 0.3 మిల్లీమీటర్లు. చూశారా, పెద్ద దెబ్బ బయలుదేరగానే పడిపోయింది. ఆ తర్వాత వేగం మూడు రెట్లయినా దుప్పటి సగానికే తరిగింది. కానీ దుప్పటి సగమైందంటే బయటికి పారే వేడి రెట్టింపు అయిందని అర్థం. పాఠకుడి రెండు సైకిళ్ళ మధ్య ఉన్నది సరిగ్గా ఈ రెట్టింపే.

ఇంకో చిక్కుంది. వస్తువు సన్నగా ఉన్న కొద్దీ దాని చుట్టూ దుప్పటి కూడా పల్చబడుతుంది. ఛాతీ మీద పొర కన్నా చేతి మీద పొర పల్చన, వేలి మీద మరీ పల్చన. ప్రకృతి ఎక్కడ దుప్పటి మందంగా కావాలో అక్కడే పీకేసింది! పైగా సైకిల్ మీద వేళ్ళు అన్నిటికన్నా ముందు, హ్యాండిల్‌ని పట్టుకుని, కదలకుండా ఎదురుగాలిలో ఉంటాయి. గుండె, ఊపిరితిత్తుల దగ్గర వేడి తగ్గకూడదని శరీరం ముందుగా వేళ్ళకి పోయే రక్తనాళాలను బిగించేస్తుంది. అంటే హీటరు గొట్టాన్ని కూడా కట్టేస్తుంది. కాసేపయ్యాక ఆ నాళాలు వాటంతటవే తెరుచుకుని, మళ్ళీ మూసుకుంటాయి. 1930లో బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ దీన్ని వర్ణించారు. కొయ్యబారిన వేళ్ళలోకి రక్తం తిరిగొచ్చేటప్పుడు కళ్ళ నీళ్ళు తిరిగే నొప్పి ఉంటుందే, అది అనుభవించినవాళ్ళకి ఈ పేరాలో మొదటి సగం అక్కర్లేదు. 1980 ఏప్రిల్లో బెల్జియంలోని లియేజ్-బాస్టోన్-లియేజ్ సైకిల్ రేసు మంచు వానలో జరిగింది. 170 మందికి పైగా మొదలుపెడితే 21 మందే గమ్యం చేరారు. తొమ్మిది నిమిషాలకు పైగా తేడాతో గెలిచిన ఫ్రెంచ్ రేసర్ బెర్నార్ ఇనోకి రెండు వేళ్ళలో స్పర్శ మళ్ళీ పూర్తిగా రాలేదు.

గాలి వీస్తే ఎంత చలిగా అనిపిస్తుందో వాతావరణ వార్తల్లో చెప్పే "విండ్ చిల్" లెక్క కూడా ఈ దుప్పటి గురించే. దాని పుట్టుక అంటార్కిటికాలో. 1940ల మొదట్లో అమెరికన్ పరిశోధకులు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ ఒక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి గాలిలో వేలాడదీసి, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. 2001లో అమెరికా, కెనడా కలిసి దాన్ని మనుషుల ముఖాలతో సరిచేశాయి. ఆ సూత్రంలో సున్నా డిగ్రీలు, 30 కిలోమీటర్ల గాలి అని వేస్తే మైనస్ 6.5 వస్తుంది. 10 కిలోమీటర్లకైతే మైనస్ 3.3. అయితే ఓ మెలిక ఉంది. ఆ సూత్రం అడిగేది నేలకి 10 మీటర్ల ఎత్తున కొలిచిన గాలిని. మనిషి ముఖం ఎత్తులో గాలి అందులో మూడింట రెండొంతులే అని అది ముందే తగ్గించుకుంటుంది. రోడ్ బైక్ మీద మనం చేసుకున్న 30 కిలోమీటర్ల గాలి మాత్రం ఏ తగ్గింపూ లేకుండా ముక్కు మీదే తగులుతుంది. కాబట్టి స్పీడోమీటర్ అంకెను నేరుగా అందులో వేస్తే చలి తక్కువగా కనిపిస్తుంది.

విండ్ చిల్ చుట్టూ పుట్టినన్ని మూఢనమ్మకాలు గ్రహణం చుట్టూ కూడా పుట్టలేదేమో అనిపిస్తుంది నాకు. "బయట 2 డిగ్రీలే గానీ గాలికి మైనస్ 5 అయింది, అందుకే బాటిల్లో నీళ్ళు గడ్డకట్టాయి" అంటారు. కట్టవు. గాలి ఎంత వీచినా బాటిల్‌ని 2 డిగ్రీల దాకా త్వరగా తీసుకెళ్తుంది గానీ అక్కణ్ణుంచి ఒక్క మెట్టు కూడా కిందికి దించలేదు. దుప్పటి లాగేస్తే ఒళ్ళు గది చలికి చేరుతుంది, గది కన్నా చల్లబడదు కదా! బ్రేకు లివర్ రబ్బరు పట్టు కన్నా చల్లగా ఉంటుందన్నది ఇంకో నమ్మకం. రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. అల్యూమినియం మన వేడిని త్వరగా లాక్కుంటుంది, అంతే. ఈ సంగతి బళ్ళో ఇనుప కుర్చీ, చెక్క బల్ల చూపించి చెబుతారు. పరీక్షలో అందరూ సరిగ్గా రాస్తారు, బయటికొచ్చి మళ్ళీ "ఇనుము చల్లన" అంటారు.

ఇప్పుడు కొండ దిగుదాం. రోడ్ సైక్లింగ్‌లో చలికి అసలు చోటు అదే. ఎక్కేటప్పుడు వేగం 12, పొయ్యి నిండా మంట. శిఖరం దాటగానే వేగం 60, కాళ్ళు ఆగిపోతాయి, పొయ్యి ఆరిపోతుంది. మంట, దుప్పటి, రెండూ ఒకే నిమిషంలో పోతాయి. 1988 జూన్ 5న ఇటలీలో రోజుల తరబడి సాగే జిరో సైకిల్ రేసు 2,600 మీటర్ల ఎత్తున్న గావియా కనుమ మీదుగా, మంచు తుఫానులో సాగింది. డచ్ రేసర్ యోహన్ వాన్ డెర్ వెల్డె పొట్టి చేతుల జెర్సీతోనే అందరికన్నా ముందు పైకి చేరాడు. ఎక్కుతున్నంతసేపూ అతనికి ఆ జెర్సీ సరిపోయింది! దిగడం మొదలుపెట్టాక శరీరం మాట వినలేదు, మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది. ఆ రోజు ముప్పావుగంటకు పైగా నష్టపోయాడు. అమెరికన్ రేసర్ ఆండీ హాంప్‌స్టెన్ జట్టు ముందుగానే వెచ్చటి బట్టలు సిద్ధం చేసుకుంది. హాంప్‌స్టెన్ ఆ రోజు, రేసు మొత్తమ్మీద ముందున్నవాడికి ఇచ్చే గులాబీ జెర్సీ అందుకుని, చివరికి రేసు మొత్తం గెలిచాడు.

పాతకాలపు రేసర్లు శిఖరం మీద ప్రేక్షకుల దగ్గర న్యూస్‌పేపరు తీసుకుని జెర్సీ లోపల ఛాతీ మీద దోపుకునేవాళ్ళు. కాగితానికి వెచ్చదనం ఏముంటుంది? ఏమీ ఉండదు. అది దుప్పటిని దొంగిలించే గాలికి అడ్డంగా నిలబడుతుంది, మడతల మధ్య కాస్త గాలిని పట్టి ఉంచుతుంది. ముందువైపు మాత్రమే పెట్టుకోవడం కూడా తెలివైన పనే. దొంగ వచ్చేది ముందు నుంచే.

అలాగని మౌంటెన్ బైక్‌కి చలి బాధ లేదనడం లేదు. దాని బాధ తిరగబడి ఉంటుంది. నెమ్మదిగా, గట్టిగా తొక్కడం వల్ల ఆ 700 వాట్లు బయటికి పోలేక చెమటగా మారతాయి. చెమట బట్టల్లో ఇంకితే పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. నీరు గాలి కన్నా పాతిక రెట్లు సులువుగా వేడిని పారనిస్తుంది. పంక్చర్ అయి ఆగారనుకోండి. జెర్సీలో 100 గ్రాముల చెమట ఉంటే, అది ఆరడానికి 240 కిలోజౌళ్ళు కావాలి. ఇరవై నిమిషాల్లో ఆరిందంటే, ఆ ఇరవై నిమిషాలూ 200 వాట్ల చొప్పున వేడి పోయినట్టు. అన్నీ మీ ఒంటి నుంచి రావు, కొన్ని గాలి నుంచీ వస్తాయి. అయినా కదలకుండా నిలబడ్డ మనిషి ఉత్పత్తి 100 వాట్ల చిల్లరే. రోడ్డు మీదైతే ఎవరో ఒకరు కారు ఆపుతారు, అడవిలో చెట్లే దిక్కు. అందుకే బయలుదేరేటప్పుడు కొంచెం వణుకుతూ బయలుదేరమని అనుభవజ్ఞులు చెబుతారు. మొదటి పది నిమిషాలు వెచ్చగా ఉంటే బట్టలు ఎక్కువైనట్టే.

చెట్లంటే గుర్తొచ్చింది, నేలకీ ఒక దుప్పటి కావాలి. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది, తిరిగి వచ్చేది తక్కువ. అందుకే గాలి 2 డిగ్రీలున్నా తెరిచి ఉన్న రోడ్డు సున్నా కిందికి పడిపోయి, తడి ఉంటే పల్చటి ఐస్ పొర కడుతుంది. దీన్నే బ్లాక్ ఐస్ అంటారు గానీ నిజానికి అది పారదర్శకం, నల్లగా కనిపించేది కింది తారు. వంతెన మీద ఇంకా ముందే కడుతుంది. కింద నేల వేడి అందదు, రెండువైపులా చల్లారుతుంది. చెట్ల కింద దారికి కొమ్మలే దుప్పటి. అవి నేల వదిలిన వేడిలో చాలా భాగం తిరిగి కిందికి పంపుతాయి, గాలి వేగాన్నీ తగ్గిస్తాయి. ఒకే ఉదయం రోడ్డు గాజులా ఉండి, అడవి దారి మామూలుగా ఉండడం వింతేమీ కాదు.

ఐస్ ఎందుకు జారుతుందో చాలా పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ తప్పే చెబుతున్నాయి. ఒత్తిడికి ఐస్ కరిగి నీరవుతుందట. ఐస్ ద్రవీభవన స్థానం ఒక్క డిగ్రీ తగ్గాలంటే దాదాపు 135 వాతావరణాల పీడనం, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 135 రెట్లు, కావాలి. రోడ్ బైక్ టైరు కలిగించేది ఆరో ఏడో, అంటే డిగ్రీలో ఇరవయ్యో వంతు! అసలు కారణం రాపిడి వల్ల పుట్టే వేడి, దానితోపాటు ఐస్ ఉపరితలం మీద సున్నా కింద కూడా ఉండే, ద్రవం లాంటి సన్నటి పొర. ఆ పొర సంగతి 1850లోనే ఫారడే ఊహించాడు. అందుకే బాగా చల్లబడి గట్టిపడ్డ ఐస్ కన్నా కరగబోతున్న ఐస్ ప్రమాదం.

పొడి తారు మీద ఘర్షణ గుణకం (టైరుకి పట్టు ఎంతుందో చెప్పే అంకె) 0.7 దాకా ఉంటే ఐస్ మీద 0.1. ఐస్ మీద 30 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 35 మీటర్లు పడుతుంది, 15 నుంచి 9 మీటర్లు చాలు. ఇక్కడ కూడా మౌంటెన్ బైక్‌ని కాపాడేది దాని నెమ్మదితనమే, టైరు బుడిపెలు కాదు. రబ్బరు బుడిపెలు బురదలో, మంచులో దిగబడి పట్టుకుంటాయి. ఐస్‌లో దిగబడవు కాబట్టి అక్కడ అవి దాదాపు అలంకారమే. ఐస్‌కి టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులున్న టైరు ఒక్కటే మందు, అది రోడ్ బైక్‌కీ దొరుకుతుంది.

మెత్తటి మంచు మీద మాత్రం లావు టైరుకి తిరుగులేదు. వెనక చక్రం మీద 45 కిలోలు పడితే, 80 పిఎస్‌ఐ (టైరులో గాలి పీడనానికి కొలత) గాలి ఉన్న రోడ్ టైరు దాదాపు 8 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతుంది. 25 పిఎస్‌ఐ మౌంటెన్ టైరు 25 చదరపు సెంటీమీటర్లు, మరీ లావు టైర్లుండే ఫ్యాట్ బైక్‌ది, 6 పిఎస్‌ఐ టైరు, 100కి పైగా. చివరిది నిలబడ్డ మనిషి పాదం మోపే ఒత్తిడికి దగ్గర. 1987లో అలాస్కాలో ఇడిటాబైక్ రేసు మొదలైంది. ఆ కాలంలోనే అక్కడివాళ్ళు రెండు రిమ్ములు పక్కపక్కన అతికించి చక్రాలు వెడల్పు చేసుకునేవారు. ఫ్యాట్ బైక్ పుట్టిన దారుల్లో అదొకటి.

పాఠకుడు చివర్లో ఇంకో చిన్న సందేహం రాశారు: చలికాలంలో మౌంటెన్ బైక్ టైరే ఎందుకు ఎక్కువ మెత్తబడినట్టుంటుంది అని. లోపలి గాలి చల్లబడితే పీడనం తగ్గుతుంది, అయితే లెక్క వేయాల్సింది వాతావరణ పీడనం కూడా కలుపుకుని. 20 డిగ్రీల గదిలో గాలి కొట్టి మైనస్ 5లోకి తీసుకెళ్తే మొత్తం పీడనంలో ఎనిమిదిన్నర శాతం పోతుంది. 80 పిఎస్‌ఐ రోడ్ టైరు 72కి దిగుతుంది, అంటే పదో వంతు. 25 పిఎస్‌ఐ మౌంటెన్ టైరు 21.6కి దిగుతుంది, అంటే ఏడో వంతుకు దగ్గర. సైకిల్ని అరగంట బయట చలిలో ఉంచి, అక్కడే గేజ్ పెట్టి చూసుకుంటే సరిపోతుంది.