ఎరుపు, నలుపు: స్పీకర్ వైరు ఎటు పెడితే ఏమవుతుంది?

దేవరకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి ఇలా అడిగాడు. "కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్‌హ్యాండ్ స్టీరియో రిసీవర్ (రేడియో, యాంప్లిఫయర్ కలిసిన పెట్టె) కొన్నాను సార్. రెండు స్పీకర్లు పెట్టాను. ఒక్కొక్కటే మోగిస్తే రెండూ బాగున్నాయి. రెండూ కలిపి పెడితే మాత్రం బాస్, అంటే దరువులోని లోతైన శబ్దం, పోతోంది, పాడేవాళ్ల గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదు. ఒక స్పీకర్‌కు వైర్లు ఉల్టా అయ్యాయేమో చూడమన్నాడు షాపాయన. కానీ స్పీకర్‌కు పోయేది దిక్కు మారుతూ ఉండే ఏసీ కరెంటే కదా? ఏసీకి ప్లస్సు, మైనస్సు ఎక్కడుంటాయి? ఎటు పెడితే ఏమిటి?"

షాపాయన చెప్పింది నిజం. అయితే విద్యార్థి అడిగిన ప్రశ్న అంతకంటే గొప్పది. రిసీవర్ అమర్చడంలో మిగతా విషయాలు, అంటే ఏ పిన్ను ఎక్కడ గుచ్చాలి, ఎఫ్ఎం ఏరియల్ ఎటు తిప్పాలి అన్నవి, డబ్బాలో వచ్చే కాగితం చూసి ఎవరైనా చేసుకోవచ్చు. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం ఆ కాగితంలో జవాబుండదు. "ఎరుపును ఎరుపుకు, నలుపును నలుపుకు కలపండి" అని రాసి వదిలేస్తారు. ఎందుకు కలపాలో చెప్పరు.

స్పీకర్ లోపల ఒక అయస్కాంతం, దాని నడుమ తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన కోన్ ఉంటాయి. చుట్టలో కరెంటు ఒక దిక్కుకు పారితే కోన్ ముందుకు వస్తుంది, ఎదురు దిక్కుకు పారితే వెనక్కి పోతుంది. ముందుకు వచ్చినప్పుడు ఎదురుగా ఉన్న గాలి ఒత్తుకుంటుంది, వెనక్కి పోతే పలచబడుతుంది. ఏసీ కాబట్టి దిక్కు మారుతూనే ఉంటుంది, 50 హెర్ట్జ్ స్వరానికైతే సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ. ఒకే స్పీకర్ ఉంటే వైర్లు మార్చినా తేడా తెలియదు. ముందుగా వెనక్కి పోయి తర్వాత ముందుకు వస్తుంది, అంతే. చెవి ఆ తేడాను దాదాపు పట్టించుకోదు. అంతవరకు విద్యార్థి అన్నది సరైనదే.

రెండో స్పీకర్ వచ్చాక కథ మారుతుంది. ఎరుపు గుర్తు "ఇక్కడ ఎప్పుడూ ప్లస్ ఉంటుంది" అని చెప్పడం లేదు. "ఈ కొనకు ప్లస్ వచ్చిన క్షణంలో కోన్ ముందుకు వస్తుంది" అని చెబుతోంది. అది రెండు స్పీకర్ల మధ్య ఒప్పందం. రెండింటికీ సరిగా కలిపినా ఒప్పందం నిలుస్తుంది, రెండింటికీ ఉల్టాగా కలిపినా నిలుస్తుంది. ఒకదానికి మాత్రమే ఉల్టా అయితేనే చెడుతుంది. అందుకే ఆ అబ్బాయి ఒక్కొక్క స్పీకర్‌ను విడిగా పరీక్షించినప్పుడు ఏ లోపమూ దొరకలేదు. లోపం ఏ స్పీకర్‌లోనూ లేదు, రెండింటి పొత్తులో ఉంది.

గూడ వేయడం చూసినవాళ్లకు దీన్ని చెప్పడం చాలా సులువు. కాలువలో నీళ్లు కింద, మడి పైన. బుట్టకు రెండు వైపులా తాళ్లు కట్టి, అటొకరు ఇటొకరు నిలబడి, ఇద్దరూ ఒకేసారి వదిలి ముంచుతారు, ఒకేసారి లాగి మడిలోకి విసురుతారు. ఇప్పుడు ఒకాయన లాగేటప్పుడు రెండో ఆయన వదులుతున్నాడనుకోండి. గూడ పైకి లేవదు, అటూ ఇటూ ఊగుతుంది. నీళ్లు కాలువలోనే ఉంటాయి. ఇద్దరి చేతులూ ఆడుతున్నాయి, ఇద్దరికీ చెమట పడుతోంది, మడి మాత్రం తడవడం లేదు.

మీ గదిలో బాస్‌కు జరిగేది ఇదే. ఎడమ కోన్ గాలిని ముందుకు తోసిన క్షణంలోనే కుడి కోన్ వెనక్కి లాక్కుంటుంది. ఒకటి పెంచిన ఒత్తిడిని రెండోది తగ్గించేస్తుంది. కోన్లు ఎప్పటిలాగే కదులుతాయి, కరెంటూ ఎప్పటిలాగే ఖర్చవుతుంది. చెవికి మాత్రం అందదు.

మరి బాస్ ఒక్కటే ఎందుకు పోతుంది? తాళాలు, గజ్జెలు, వయొలిన్ పైస్వరాలు ఎందుకు పోవు? దీనికి కూడా గూడ దగ్గరే జవాబుంది. ఇద్దరూ నింపాదిగా లాగుతున్నప్పుడు ఒకాయన రెప్పపాటు ఆలస్యమైతే ఏమీ కాదు, ఆ ఆలస్యం ఒక లాగుడులో చాలా చిన్న భాగం. అదే వేగం బాగా పెంచితే ఆ రెప్పపాటే సగం లాగుడంత అవుతుంది. అప్పుడు జత పూర్తిగా తప్పుతుంది. ముందే జత తప్పి ఉన్నవాళ్లకైతే, ఆ ఆలస్యం వల్లే జత కుదురుతుంది!

ఇప్పుడు లెక్క చూద్దాం. మన వెచ్చటి గదుల్లో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. రెండు స్పీకర్లూ మీరూ సమబాహు త్రిభుజంలా ఉన్నారనుకోండి, స్టీరియో వినడానికి అదే మంచి అమరిక. మీ ఎడమ చెవికి ఎడమ స్పీకర్ శబ్దం ముందు చేరుతుంది, కుడి స్పీకర్ శబ్దం తలను చుట్టి వస్తుంది కాబట్టి ఒక సెకనులో నాలుగు వేలవ వంతు, అంటే 0.25 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. దూరంలో చెప్పాలంటే సుమారు 9 సెంటీమీటర్లు.

50 హెర్ట్జ్ స్వరం ఒక ఆవృత్తికి, అంటే ఒకసారి ముందుకు పోయి వెనక్కి రావడానికి, 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, దాని తరంగదైర్ఘ్యం (ఒక తరంగం పొడవు) 7 మీటర్లు. 7 మీటర్ల ముందు 9 సెంటీమీటర్లు ఎంత? సుమారు 80వ వంతు. కాబట్టి తోపుకు లాగుడు దాదాపు ఖచ్చితంగా ఎదురుపడుతుంది. సరైన అమరికలో వచ్చే ఒత్తిడిలో 25వ వంతే మిగులుతుంది. నిజం గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం కొంత కలుస్తుంది కాబట్టి అంత పూర్తిగా పోదు, కానీ బాస్ చచ్చిపోయిందని ఎవరికైనా తెలుస్తుంది.

2000 హెర్ట్జ్ దగ్గర చూడండి. ఆవృత్తి కాలం 0.5 మిల్లీసెకన్లు. అందులో 0.25 అంటే సరిగ్గా సగం. ఉల్టా వైరు వల్ల ఎదురుపడాల్సిన రెండు తరంగాలు ఈ ఆలస్యం వల్ల మళ్లీ కలిసిపోతాయి. అంటే ఉల్టాగా కలిపినప్పుడు ఆ ప్రాంతంలో శబ్దం తగ్గకపోగా పెరుగుతుంది. ఇంకో వింత ఏమిటంటే, వైర్లు సరిగా ఉన్నప్పుడే, నడిమధ్యన వినిపించే గొంతులో 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దం తగ్గి చిన్న గుంట ఏర్పడుతుంది. స్టీరియోలో ఇది పుట్టుకతో వచ్చిన లోపం. తల కదిపితే, గది గోడలు శబ్దాన్ని వెనక్కి పంపితే ఆ గుంట కొంత పూడుతుంది.

గొంతు సంగతి కూడా ఇందులోనే ఉంది. పాటల రికార్డింగులో పాడేవాళ్ల గొంతును సాధారణంగా ఎడమ, కుడి చానెళ్లలో సమానంగా వేస్తారు. రెండు చెవులకూ ఒకే శబ్దం ఒకే సమయానికి చేరడంతో మెదడు "మనిషి ఎదురుగా, నడిమధ్యన ఉన్నాడు" అని తేల్చుకుంటుంది. అక్కడ స్పీకరే లేదు, అయినా గొంతు అక్కడినుంచే వస్తుంది. నాకు ఎప్పటికీ అబ్బురమే అది! బ్రిటిష్ ఇంజనీరు ఆలన్ బ్లూమ్‌లైన్ 1931లోనే ఈ రెండు చానెళ్ల పద్ధతికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. వైరు ఉల్టా అయితే ఒక చెవికి తోపు, ఇంకో చెవికి లాగుడు అందుతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి గొంతు ఎప్పుడూ అలా చేరదు. మెదడుకు చోటు దొరకదు. కొందరికి తల లోపల ఏదో ఒత్తినట్టు ఉంటుంది. ఒక చానెల్‌లోంచి ఇంకో చానెల్‌ను తీసేసి పాటలో గొంతును మాయం చేసే కరవోకే కిటుకు కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ఎఫ్ఎం స్టీరియోలో ఈ కూడికా తీసివేతా రిసీవర్ లోపలే జరుగుతాయి. స్టేషన్ ఎడమను, కుడిని విడివిడిగా పంపదు. రెండింటి మొత్తాన్ని మామూలుగా, రెండింటి తేడాను 38 కిలోహెర్ట్జ్ ఉపవాహకం (దాన్ని మోసుకుపోయే అదనపు తరంగం) మీద ఎక్కించి పంపుతుంది. తోడుగా, రిసీవర్‌కు దారి చూపడానికి, 19 కిలోహెర్ట్జ్ పైలట్ స్వరం ఉంటుంది. పాత మోనో రేడియో మొత్తాన్ని మాత్రమే వింటుంది, దానికి ఏ నష్టమూ లేదు. స్టీరియో రిసీవర్ మొత్తానికి తేడాను కలిపి ఎడమను, మొత్తంలోంచి తేడాను తీసి కుడిని రాబడుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ముందు పాడయ్యేది ఆ తేడా భాగమే. అచ్చంపేట అడవి వైపు కారులో పోతుంటే స్టీరియోలో బుస్సుమనే పాట మోనోకు మార్చగానే తేటపడటానికి కారణం ఇదే.

మన కాలేజీల్లో ఇంటర్‌ఫెరెన్స్ (తరంగాలు ఒకదాని మీద ఒకటి పడటం) పాఠం అంటే రెండు చీలికలు, తెర మీద నలుపు తెలుపు పట్టీలు, బోర్డు మీద బొమ్మ. నూటికి తొంభై మంది పిల్లలు ఆ పట్టీలను కళ్లతో చూడకుండానే పరీక్ష రాస్తారు. రెండు చిన్న స్పీకర్లు, నాలుగు మూరల వైరు ఉంటే చాలు, తరంగాలు ఒకదాన్నొకటి చంపుకోవడం క్లాసంతా చెవులతో వినవచ్చు. రెండు స్పీకర్లను జానెడు దూరంలో ముఖాముఖి పెట్టండి. రిసీవర్‌ను మోనోకు మార్చి, డప్పు దరువు బాగా ఉన్న పాట పెట్టండి. రిసీవర్ ఆపి, ఒకదానికి వైర్లు మార్చి, మళ్లీ పెట్టండి. దరువు మాయమై గలగల మాత్రం మిగులుతుంది. మహబూబ్‌నగర్‌లోనైనా, నల్లగొండలోనైనా, ఏ హైస్కూల్లోనైనా పది నిమిషాల్లో చేయగలిగిన ప్రయోగం ఇది. సైన్స్ టీచర్లు దయచేసి చేసి చూపించాలి. ఒక్కసారి విన్న పిల్లలు మర్చిపోరు.

ఏ స్పీకర్‌లో ఉల్టా ఉందో తేల్చడానికి ఒక పెన్సిల్ సెల్ చాలు. రిసీవర్ నుంచి స్పీకర్ వైర్లు పూర్తిగా విప్పేయాలి, ఇది ముఖ్యం. సెల్ ప్లస్సును స్పీకర్ ఎరుపు కొనకు, మైనస్సును నలుపు కొనకు క్షణం తాకించి తీసేయండి. వూఫర్ (పెట్టెలో బాస్ పలికే పెద్ద స్పీకర్) కోన్ ముందుకు వస్తే గుర్తులు సరైనవి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 1.5 వోల్టుల వల్ల ఏ హానీ ఉండదు. పెట్టె లోపలి ట్వీటర్ (పైస్వరాలు పలికే చిన్న స్పీకర్) జోలికి మాత్రం పోకండి. చాలా పెట్టెల్లో, రెండో శ్రేణి క్రాస్‌ఓవర్ (బాస్‌ను వూఫర్‌కు, పైస్వరాలను ట్వీటర్‌కు పంచే ఒక రకం ఫిల్టర్) వాడినప్పుడు, ట్వీటర్‌ను కావాలనే ఉల్టాగా కలుపుతారు. ఆ ఫిల్టర్ వల్ల వూఫర్‌కు, ట్వీటర్‌కు మధ్య 180 డిగ్రీల తేడా వస్తుంది, అంటే ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది, దాన్ని సరిచేయడానికి అలా చేస్తారు. పెట్టె విప్పి "తప్పుగా ఉంది" అనుకుని మార్చితే బాగున్నది పాడవుతుంది.

కొన్ని ఖరీదైన స్పీకర్ వైర్ల మీద బాణం గుర్తు వేసి, కరెంటు ఆ దిక్కుకే పోవాలని అమ్ముతారు. ముందుకూ వెనక్కూ సమానంగా ఊగే కరెంటుకు రాగి తీగలో ఇష్టమైన దిక్కు ఉండదు. ముహూర్తం చూసి స్విచ్చేసినంత ఉపయోగమే ఆ బాణంతోనూ. వైరులో పట్టించుకోవాల్సింది మందం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పది మీటర్ల దూరానికి, పోనూ రానూ కలిపి, 0.23 ఓమ్‌లే. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది చాలు. అలాగే వాస్తు ప్రకారం టీవీ ఆగ్నేయ మూలకు జరిపి, ఒక స్పీకర్‌ను మూలలోకి నెట్టి, రెండోదాన్ని తలుపు పక్కన పెట్టే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మూలలో గోడలు బాస్‌ను తిప్పి పంపడంతో ఆ వైపు బరువెక్కుతుంది, రెండో వైపు తేలిపోతుంది. రెండు స్పీకర్లకూ గోడల నుంచి ఒకే దూరం ఉండేలా చూడండి. షాబాదు బండలు పరిచిన హాలైతే స్పీకర్ల ముందు ఒక జంపఖానా వేయండి. రిసీవర్ మీద అల్లిక గుడ్డ కప్పకండి, నల్లగొండ ఎండల్లో దాని పైమూతలోని కంతలే దానికి ఊపిరి.

సబ్‌వూఫర్ (బాస్ కోసమే విడిగా పెట్టే స్పీకర్) కూడా కొన్నవాళ్లకు ఇదే సూత్రం ఇంకోసారి ఎదురవుతుంది. చాలావాటి వెనక 0, 180 అని ఒక స్విచ్ ఉంటుంది. వైర్లు విప్పకుండానే తోపును లాగుడుగా మార్చే స్విచ్ అది. స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ మధ్య పంపకం 80 హెర్ట్జ్ దగ్గర పెట్టారనుకోండి, అక్కడ తరంగం పొడవు సుమారు 4.4 మీటర్లు. సబ్‌వూఫర్ మీకు స్పీకర్ల కంటే 2.2 మీటర్లు దూరంగా ఉంటే, వైర్లన్నీ సరిగ్గా ఉన్నా, ఆ సగం తరంగం దూరమే రెండింటినీ ఎదురెదురుగా నిలబెడుతుంది. అందుకని మీరు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, ఇంట్లో ఒకరిని స్విచ్ అటూ ఇటూ వేయమనండి. ఏ వైపు వేస్తే బాస్ ఎక్కువ వినిపిస్తుందో అక్కడే వదిలేయండి.