సైకోపతీ స్కోరు: తగువు మొదలైంది కోర్టులో కాదు, ఒక జర్నల్ ఆఫీసులో

సైకోపతీ అంటే ఇతరుల బాధ పట్టని, పశ్చాత్తాపం లేని వ్యక్తిత్వం. దానికి వేసే స్కోరును చూపించి మనిషికి శిక్ష వేయించవచ్చా అన్న వివాదం మళ్లీ రాజుకుంది. మధ్యలో ఉన్నది పీసీఎల్-ఆర్ అనే చెక్‌లిస్టు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ దాన్ని ఎలా తయారుచేశారో, జైళ్లలోకి అదెలా పాకిందో ఇప్పటికే చాలామంది రాశారు. ఇప్పటి తగువు అర్థం కావాలంటే 2007లో వచ్చిన ఒక లాయరు ఉత్తరం గురించి తెలియాలి.

ముందుగా స్కోరు ఎలా వేస్తారో చూద్దాం. చెక్‌లిస్టులో 20 అంశాలు, ఒక్కోదానికి 0, 1 లేదా 2. మొత్తం 40కి 30, ఆపైన వస్తే ఉత్తర అమెరికాలో సైకోపత్ కింద లెక్క. అన్ని అంశాలూ ఒక్క తీరువి కావు. పెరోల్ షరతులు తప్పాడా, చిన్నతనంలో నేరాలు చేశాడా అన్నవి ఫైలు తిరగేస్తే తెలుస్తాయి. పశ్చాత్తాపం ఉందా లేదా అన్నది అలా తేలదు. ఎదురుగా కూర్చున్న ఖైదీ తప్పయిపోయిందంటాడు. అది మనసులోంచి వచ్చిందా, విడుదల కోసం అన్న మాటా? 0 వేయాలో 2 వేయాలో పరీక్షించే మనిషే నిర్ణయించాలి.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో కలెడోనియన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ కుక్, క్రిస్టీన్ మిచీ 2001లో ఈ 20 అంశాల్లో 13 చాలన్నారు. వదిలేసినవి చాలావరకు నేర చరిత్రకు సంబంధించినవే. నేరం అనేది వ్యక్తిత్వం వల్ల కలిగే ఫలితం కావచ్చు గానీ వ్యక్తిత్వంలో భాగం కాదన్నది వారి వాదన. కోర్టుల్లో దీనికి చాలా బరువుంది. పాత నేరాలను లెక్కగట్టి స్కోరు వేసి, ఆ స్కోరుతోనే కొత్త నేరాన్ని ఊహిస్తే, వ్యక్తిత్వం పేరుతో పాత ఫైలునే మళ్లీ చదివినట్టవుతుంది.

కుక్, అప్పట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (అర్వైన్)లో పనిచేస్తున్న జెనిఫర్ స్కీమ్ కలిసి ఈ వాదనను వ్యాసంగా రాశారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ జర్నల్ సమీక్ష చేయించి దాన్ని అంగీకరించింది. అప్పుడే హేర్ లాయర్ల నుంచి ఉత్తరం వచ్చింది. వ్యాసం అచ్చయితే రచయితల మీదా, సంస్థ మీదా పరువునష్టం దావా వేస్తామని దాని సారాంశం. వ్యాసం 2010 దాకా వెలుగు చూడలేదు.

హేర్ వాదన కూడా చెప్పాలి. నేరమే సైకోపతీకి కేంద్రమని తాను ఎన్నడూ అనలేదని, తన మాటలను వక్రీకరించారని ఆయన అభ్యంతరం. సంఘ వ్యతిరేక ప్రవర్తన వేరు, నేరం వేరు అన్నారు. చివరికి ఆయన జవాబు కూడా అదే జర్నల్‌లో అచ్చయింది. ఆ జవాబు మొదటే రాసి ఉండాల్సింది. పరిశోధకుడికి కలం ఉండగా లాయరుతో పనేమిటి? దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన నార్మన్ పాయిథ్రెస్, జాన్ పెట్రిలా ఇలాంటి బెదిరింపులు శాస్త్ర చర్చకు ఏం చేస్తాయోనని 2010లోనే రాశారు.

వ్యాసం ఆగి ఉన్న ఆ మూడేళ్లలో కోర్టులు ఆగలేదు. టెక్సస్‌లో లైంగిక నేరాల శిక్ష ముగిసినవారిని ఇంకా ప్రమాదకరులని నిర్బంధంలో ఉంచేందుకు విచారణలు జరుగుతాయి. వాటిలో ఇరుపక్షాల నిపుణులూ ఒకే మనిషికి స్కోరు వేసిన 23 కేసులను డేనియల్ మరీ, మార్కస్ బొకచ్చీనీ బృందం పరిశీలించి 2008లో ప్రచురించింది. పూర్తి ఏకీభావం 1 అనుకుంటే ఇక్కడ వచ్చింది 0.39. పరిశోధనల్లో అది 0.8 దాటుతుంది. తేడాలు కూడా ఎక్కువగా పిలిపించిన పక్షానికి అనుకూలంగానే ఉన్నాయి.

నిపుణుల ఎంపికలోనే తేడా ఉందేమో అన్న సందేహానికి అదే బృందం 2013లో సమాధానమిచ్చింది. 108 మంది ఫోరెన్సిక్ సైకాలజిస్టులకు, సైకియాట్రిస్టులకు డబ్బిచ్చి ఒకే ఫైళ్లు చూపించారు. మీరు ప్రాసిక్యూషన్ తరఫున అని కొందరికి, డిఫెన్స్ తరఫున అని మిగతావారికి నమ్మబలికారు. ప్రాసిక్యూషన్ అనుకున్నవారి స్కోర్లు పైకి, డిఫెన్స్ అనుకున్నవారివి కిందికి మొగ్గాయి.

2020లో 13 మంది నిపుణులు ఒక ప్రకటన చేశారు. మరణశిక్ష కేసుల్లో, జైల్లో ఈ మనిషి తీవ్ర హింసకు దిగుతాడని చెప్పడానికి పీసీఎల్-ఆర్‌ను వాడకూడదన్నారు. సంతకాల్లో స్టీఫెన్ హార్ట్ పేరుంది. ఆయన హేర్ దగ్గరే డాక్టరేట్ చేసి, ఆ చెక్‌లిస్టు సంక్షిప్త రూపాన్ని ఆయనతో కలిసి తయారుచేసినవారు. మార్క్ ఓల్వర్ బృందం హేర్‌తో కలిసి గణాంకాలతో ఎదురు జవాబిచ్చింది. స్కోరుకూ జైలు హింసకూ సంబంధం ఉందని అది వాదించింది. ప్రకటన చేసినవారు మళ్లీ బదులిచ్చారు. ఈసారి రెండు పక్షాలూ జర్నల్ పేజీల్లోనే వాదించుకున్నాయి, లాయర్లు లేకుండా.