చిలక జ్వరం: అడవి నుంచి వచ్చిందా, పంజరం నుంచా?

శీతాకాలంలో నేలపట్టు చెరువుకు గూడబాతులు చేరగానే తిరుపతి జిల్లాలో అనుమానాలూ మొదలవుతాయి. ఇవి ఏ రోగం మోసుకొచ్చాయో, కోడికూర తినొచ్చో లేదో అని. 2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక ఈ టెన్షన్ ఇంకా పెరిగింది. అది వైరస్ జబ్బు. పక్షుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా జబ్బుల సంగతి వేరు. వాటిలో చిలక జ్వరం, అంటే సిట్టకోసిస్, చరిత్ర చూస్తే అనుమానం చెరువు మీద కన్నా పంజరం మీదే పడుతుంది.

1879లో స్విట్జర్లాండ్‌లో యాకోబ్ రిట్టర్ అనే వైద్యుడు ఒకే ఇంట్లో చాలామందికి వచ్చిన వింత న్యుమోనియాను గమనించాడు. ఆ ఇంట్లో విదేశీ పక్షుల్ని పెంచుతున్నారు. 1892లో పారిస్‌లో ఇదే జబ్బు చెలరేగింది. దక్షిణ అమెరికా నుంచి ఓడలో తెచ్చిన చిలకలే అందుకు కారణమన్నారు.

అసలు గొడవ 1929-30లో. అర్జెంటీనా చిలకలు ఐరోపాకూ అమెరికాకూ వెళ్లి, వాటిని కొన్న ఇళ్లలో జనం మంచానపడ్డారు. అమెరికా 1930 జనవరిలో చిలకల దిగుమతిని ఆపేసింది. వాషింగ్టన్‌లో ఈ జబ్బు మీద పరీక్షలు చేస్తున్న ప్రభుత్వ ప్రయోగశాలలోనే పరిశోధకుడు చార్లెస్ ఆర్మ్‌స్ట్రాంగ్ జబ్బుపడ్డాడు, ఆయన సహాయకుడు హెన్రీ ఆండర్సన్ చనిపోయాడు. పక్షిని ముట్టుకోని వాళ్లకూ సోకింది. చిత్రమేమిటంటే, దీన్ని చాలా ఏళ్లు వైరస్ అనే అనుకున్నారు. కణంలోపల మాత్రమే పెరిగే బ్యాక్టీరియా అని 1960లలో గానీ స్థిరపడలేదు.

ముట్టుకోకపోయినా ఎలా సోకుతుంది? రెట్ట ఎండి పొడి అవుతుంది. రెక్క విదిలిస్తే, పంజరం ఊడిస్తే ఆ దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. చిలక పైకి నిక్షేపంగానే కనిపించవచ్చు. ఇరుకు, ప్రయాణం, తిండి సరిగా లేకపోవడం వల్ల డీలాపడిన పక్షి క్రిముల్ని ఎక్కువగా వదులుతుంది. పట్టి, కుక్కి, బస్సెక్కించి అమ్మే వ్యాపారం సరిగ్గా ఇదే చేస్తుంది.

తిరుపతి లాంటి గుడి ఊళ్లకు చిలక జోస్యం కొత్త కాదు. చిన్న పెట్టె తలుపు తీస్తే చిలక బయటికొచ్చి ముక్కుతో కార్డు లాగుతుంది. మనం మాత్రం ముందుకు వంగి చూస్తాం. ఆ పక్షి ఎక్కడిదో ఎవరూ అడగరు. రామచిలకను పట్టడం, అమ్మడం, పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే అయినా ఇళ్లలో పంజరాలు కనిపిస్తూనే ఉన్నాయి.

అడవి పక్షుల్లో ఈ క్రిమి లేదని కాదు. పావురాల్లోనూ బాతుల్లోనూ ఉంటుంది. కానీ దూరంగా గట్టు మీద నిలబడి గూడబాతుల్ని చూసేవాడికీ, పంజరం పక్కనే పడుకునేవాడికీ ముప్పు ఒకటి కాదు.

ఈ జబ్బు పెన్సిలిన్‌కు సరిగా లొంగదు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగుతుంది. జ్వరం, విపరీతమైన తలనొప్పి, పొడిదగ్గు తగ్గకపోతే ఇంట్లో పక్షి ఉన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అడిగితే చెబుదాంలే అనుకుంటే, ఆ ప్రశ్న వేసే డాక్టర్లు తక్కువ.