కిలిమంజారో మీద ఊపిరి లెక్క
కిలిమంజారో ఎక్కడానికి తాళ్ళు, మంచు గొడ్డళ్ళు అక్కర్లేదు. టాంజానియాలోని ఈ అగ్నిపర్వతం ఎత్తు 5,895 మీటర్లు, ఆఫ్రికాలో దీన్ని మించింది లేదు. అయినా మామూలు దారుల్లో శిఖరం దాకా నడిచే వెళ్ళొచ్చు. మరి రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే కుర్రాళ్ళు కూడా కొందరు మధ్యలోంచే ఎందుకు తిరిగొస్తారు?

పైన గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. సముద్రం ఒడ్డునైనా శిఖరం మీదైనా అది 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి, శిఖరం మీద దాదాపు సగానికి. కింద కొన్న చిప్స్ ప్యాకెట్ పై క్యాంపుకి చేరేసరికి బూరలా ఉబ్బిపోతుంది. శిఖరం మీద నీళ్ళు 80 డిగ్రీల చుట్టుపక్కలే మరిగిపోతాయి, అక్కడ పప్పు పెడితే ఓ పట్టాన ఉడకదు! గుండెల నిండా పీల్చినా లోపలికి వెళ్ళే ఆక్సిజన్ సగమే.

దాంతో ఒళ్ళు ఊపిరి వేగం పెంచుతుంది. చిక్కు అక్కడే. గబగబా ఊపిరి తీస్తే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. ఊపిరిని నడిపే మెదడు ముఖ్యంగా కనిపెట్టి చూసేది దాన్నే. అది పడిపోతే ‘ఇక చాల్లే’ అనుకుంటుంది. మెలకువలో ఎలాగో నెట్టుకొస్తాం. నిద్రలో మాత్రం నాలుగు పెద్ద శ్వాసలు, తర్వాత కొన్ని సెకన్ల నిశ్శబ్దం, మళ్ళీ ఒక్కసారిగా ఎగశ్వాస. ఆ ఎత్తులో ఇది మామూలే, టెన్షనంతా టెంట్‌లో పక్కన పడుకున్నవాళ్ళకే.

ఈ పేచీ తీర్చేవి మూత్రపిండాలు. రక్తంలో మిగిలిపోయిన బైకార్బొనేట్ అనే క్షారాన్ని మూత్రంలో పంపేస్తాయి, దాంతో మెదడు ఊపిరికి అడ్డుపడటం తగ్గిస్తుంది. అయితే దానికి రోజులు పడుతుంది. కొందరు డాక్టరు సలహాతో వేసుకునే డయామాక్స్ మాత్ర చేసేదీ ఇదే పని, కాస్త తొందరగా. గడ్డకట్టే చలిలో రాత్రి రెండుసార్లు టెంట్ జిప్ తీసి బయటికి పోవాల్సిరావడం విసుగే గానీ, మంచి సూచనే.

అందుకే గైడ్లు మొదటిరోజు నుంచీ స్వాహిలీలో ‘పోలే పోలే’ అంటుంటారు, మెల్లగా మెల్లగా అని. మచామే దారిలో లావా టవర్ దగ్గర సుమారు 4,600 మీటర్ల దాకా ఎక్కించి, పడుకోవడానికి 3,900 మీటర్ల దగ్గరున్న బరాంకో క్యాంపుకి దించేస్తారు. ఎక్కిందంతా దిగడమా అని కొత్తవాళ్ళకి ఉక్రోషం వస్తుంది. చవక ప్యాకేజీలు కోసేసేది ఒళ్ళు ఎత్తుకి అలవాటుపడే ఇలాంటి రోజులనే. నాకైతే అది ఆదాగా తోచదు.

ఆఖరి ఎక్కుడు అర్ధరాత్రి మొదలవుతుంది. సూర్యోదయం కోసమే అనుకుంటాం గానీ, ఇంకో కారణం కాళ్ళ కింద ఉంది. ఆ వాలంతా వదులు కంకర, అగ్నిపర్వతపు బూడిద. రాత్రి చలికి గడ్డకట్టి ఉంటే అడుగు నిలుస్తుంది. ఎండెక్కితే అడుగు వేసినప్పుడల్లా అరడుగు వెనక్కి జారుతుంది. హెడ్‌ల్యాంప్ వెలుగులో ముందు నడిచేవాళ్ళ మడమలు తప్ప ఏమీ కనపడవు. అడుగు, ఊపిరి. అడుగు, ఊపిరి. అలా ఆరేడు గంటలు.