కుంగిన పార్కింగ్ మీద మళ్లీ కాంక్రీట్ పోయకండి

గుంటూరు, విజయవాడల్లో కాస్త పాతబడ్డ ఇళ్లలో గేటు దగ్గరో, కారు పార్కింగ్‌లోనో, సంపు పక్కనో కాంక్రీట్ ఒక మూల అంగుళమో రెండంగుళాలో కుంగి కనపడుద్ది, వానొస్తే నీళ్లు రోడ్డు వైపు పోకుండా గోడ మొదట్లోకి వచ్చి నిలబడతాయి. అప్పుడు చాలామంది దాని మీదే ఇంకో రెండంగుళాలు కాంక్రీట్ పోయించి లెవెల్ చేయించేస్తారు. దయచేసి ఈ పని చేయకండి. చదరపు మీటరుకి దాదాపు 120 కిలోల కొత్త బరువు పెట్టినట్టు, ఉన్న బరువుకే కింద మట్టి ఆగలేదు కదా.

అసలు కుంగేది కాంక్రీట్ కాదు, దాని కింద మట్టి. మన నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటది, అది తన పొరల మధ్యకి నీళ్లు లాక్కుని ఉబ్బుద్ది, ఎండాకాలం ఆరి ముడుచుకుపోయి బీటలిస్తది, ఏటా ఇదే వరస. దీనికి తోడు సరిగ్గా దిమ్మిస కొట్టని ఫిల్లింగ్, లీకయ్యే పైపు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు రోజుల తరబడి నిలిచిన సింగ్‌నగర్ లాంటి చోట్ల ఉండేవాళ్లు ఫ్లోరింగ్‌ని ఒకసారి తట్టి చూసుకోండి, డొల్లగా మోగితే కింద ఖాళీ ఉండొచ్చు.

అమెరికాలో ఇలాంటివాటికి ఫోమ్ బాగా వాడతారు. కాంక్రీట్‌కి వేలు మందం కన్నా చిన్న రంధ్రాలు పెట్టి, రెండు ద్రవాలు గన్ మొనలో కలిసేలా కిందకి పంపిస్తారు, అవి కలవగానే పాలీయురేథేన్ నురగై ఎన్నో రెట్లు ఉబ్బి, ఖాళీలు నింపి, కాంక్రీట్ బెడ్‌ని మెల్లగా పైకి నెడుద్ది, అరగంట లోపే చాలావరకు గట్టిపడిపోద్ది. 1937లో జర్మనీలో ఓట్టో బేయర్ బృందం కనిపెట్టిన రసాయనమే ఇది, ఫ్రిజ్ గోడల్లో ఉండేది కూడా ఈ జాతిదే.

నురగ అంత బరువు ఎట్లా లేపుద్ది అంటారా, లెక్క చూడండి: నాలుగంగుళాల బెడ్ చదరపు మీటరుకి 240 కిలోలు, అంటే చదరపు సెంటీమీటరు మీద పడేది 24 గ్రాములే! గాలి మన మీద వేసే ఒత్తిడిలో అది నలభయ్యో వంతు. పైగా ఫోమ్ బరువు ఘనపు మీటరుకి వంద కిలోలు కూడా ఉండదు కాబట్టి మట్టికి కొత్త భారం పెద్దగా పడదు.

కానీ ఫోమ్ రేగడి ఉబ్బడాన్ని ఆపలేదు, అందుకే ముందు లీకేజీ ఆపి, డాబా మీది వాన నీళ్లు దూరంగా పోయేట్టు పైపు పెట్టించాలి, ఆ తర్వాతే లేపడం. పని జరిగేటప్పుడు, ఆ రెండు ద్రవాల్లో ఒకటైన ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. బెడ్ ముక్కలు ముక్కలై ఉంటే మాత్రం పగలగొట్టి కొత్తది వేయించుకోవడమే, ఇక కుంగింది ఇంటి పిల్లరైతే ఫోమ్ గురించి ఆలోచించకముందే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి.